పత్తి కట్టె బొగ్గు: మొదటి లోడు ఎందుకు తిరిగొచ్చింది

మా యూనిట్ నుంచి వెళ్లిన మొదటి లోడు బొగ్గు నాలుగో రోజు అదే లారీలో వెనక్కి వచ్చింది. డ్రైవర్ చేతిలో కొన్నవాళ్ల ల్యాబ్ ఇచ్చిన అర పేజీ రిపోర్టు. స్థిర కార్బన్ (వేడికి ఆవిరి కాకుండా మిగిలే అసలు కార్బన్) 58 శాతం, వోలటైల్స్ (వేడి చేస్తే గ్యాస్‌గా పోయేవి) 23, బూడిద 19. ఒప్పందంలో రాసుకున్నది స్థిర కార్బన్ 70కి తగ్గకూడదని, వోలటైల్స్ 18 లోపు ఉండాలని, బూడిద 10 దాటకూడదని. మూడింట్లో ఒక్కటైనా పాసవలేదు.

ఆ ప్రాజెక్టులో ప్రాసెస్ పని నాది. ఏ వ్యర్థం తీసుకోవాలి, బట్టీ ఎలా ఉండాలి, ఎంత వేడిమీద ఎంతసేపు నడపాలి, ఇవన్నీ నేను చెప్పినవే. కాబట్టి ఆ అర పేజీ నా గురించే రాసినట్టు అనిపించింది. తప్పు ఎక్కడ జరిగిందో, దాన్ని ఎలా పట్టుకున్నామో, ఎంతవరకు దిద్దుకోగలిగామో రాస్తున్నాను. వ్యవసాయ వ్యర్థాల నుంచి ఫ్యాక్టరీలకు బొగ్గు చేద్దామనుకునేవాళ్లు చాలామంది నేను తప్పటడుగు వేసిన చోటే వేస్తున్నారు.

కొనేవాడికి బొగ్గు ఎందుకు

మా కొనుగోలుదారుది మిశ్రలోహాల ఫర్నేస్. అక్కడ బొగ్గును వేడి కోసం వాడరు, వేడి కరెంటే ఇస్తుంది. ఖనిజంలో లోహాన్ని పట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ను లాగేయడానికి కార్బన్ కావాలి. కార్బన్ ఆ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా వెళ్లిపోతుంది, లోహం అడుగున మిగులుతుంది. బొగ్గుతో పాటు వచ్చిన బూడిదకు మాత్రం వెళ్లే దారి లేదు. అది కరిగి స్లాగ్‌లో, అంటే లోహం పైన తేలే కరిగిన మడ్డిలో, కలవాలి, దాన్ని కరిగించడానికి కరెంటు ఖర్చవుతుంది. బూడిదలో ఫాస్ఫరస్ ఉంటే అది నేరుగా లోహంలోకి దిగుతుంది.

బాయిలర్ వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే, బాగా మండుతుందా అని. ఫర్నేస్ వాళ్ల మొదటి ప్రశ్న బూడిద ఎంత అని. ఈ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా దెబ్బ తిన్నాను.

పత్తి కట్టె దగ్గరికి ఎలా వచ్చాం

పెట్టుబడి పెట్టినవాళ్ల మొదటి ఆలోచన ఊక. మిల్లు దగ్గర ఒకేచోట గుట్టలుగా దొరుకుతుంది, ఎండబెట్టే పని లేదు, ముక్కలు చేసే పని లేదు. చూడటానికి ఇంతకంటే సులువైన ముడిసరుకు ఉండదు. కానీ ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, అందులో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే. దాన్ని బొగ్గు చేస్తే బరువు సగం కంటే కిందికి పడిపోతుంది, బూడిద మాత్రం గింజంత కూడా తగ్గదు. చివరికి చేతికొచ్చే బొగ్గులో 40 శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, బూడిదే ఉంటుంది.

ఈ లెక్క ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే సగం ప్రాజెక్టులు కాగితం మీదే తేలిపోతాయి. ముడిసరుకు బూడిద శాతాన్ని బొగ్గు దిగుబడితో భాగించాలి, అంతే. ఎండు కట్టెలో 3 శాతం బూడిద ఉండి, నూరు కిలోలకు 31 కిలోల బొగ్గు వస్తే, బొగ్గులో బూడిద దాదాపు పది శాతం. బట్టీ బూడిదను తీసేయదు, చిక్కబరుస్తుంది.

ఊక బొగ్గు పనికిరాదని కాదు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు పైన వేడి పోకుండా కాల్చిన ఊకను కప్పుతారు, అక్కడ సిలికా ఉండటమే మంచిది. అది వేరే సరుకు, కొనేవాళ్లు వేరు.

గడ్డిలో సిలికాతో పాటు పొటాషియం, క్లోరిన్ కూడా ఎక్కువ, అవి తక్కువ వేడికే కరిగి గడ్డలు కడతాయి. కొబ్బరి చిప్ప అన్నిటికంటే మంచిది, బూడిద ఒక శాతం కూడా ఉండదు. కానీ యాక్టివేటెడ్ కార్బన్ చేసేవాళ్లు దాన్ని వదిలిపెట్టరు, వాళ్లతో పోటీపడి కొని ఫర్నేస్‌లో పోయడం తెలివైన పని కాదు. చెరకు పిప్పిని ఫ్యాక్టరీలే తమ బాయిలర్లలో వాడేసుకుంటాయి. వేరుశనగ పొట్టు బొగ్గు పలచగా ఉండి చేత్తో నలిపితే పొడి అవుతుంది. మొక్కజొన్న కండెలు బాగుంటాయి గానీ మేం అనుకున్న పరిమాణంలో ఒకచోట దొరకలేదు.

పత్తి కట్టె వీటన్నిటి మధ్య చక్కగా కుదిరింది. అది దాదాపు కలపే. వేలంత లావు, గట్టిగా ఉంటుంది. పశువులు తినవు. గులాబీ రంగు పురుగు ఆ మోళ్లలో, ఎండు కాయల్లో దాక్కుని మరుసటి పంటకు పాకుతుంది కాబట్టి రైతు ఎలాగూ దాన్ని పొలంలోంచి వదిలించుకోవాలి. వదిలించుకోవడమంటే చాలా చోట్ల అగ్గిపుల్ల గీయడమే.

శాంపిల్ ల్యాబ్‌కి పంపాను. బూడిద 2.7 శాతం అని వచ్చింది. భాగహారం చేసి చూసుకుంటే పది లోపే. అందరం సంతోషపడ్డాం.

ఆ శాంపిల్ నేనే ఏరాను. కుప్పలోంచి నున్నగా, నిటారుగా ఉన్న కట్టెలు చూసి, ఆకులు దులిపి, విరిచి, కవర్లో పెట్టి పంపాను. ల్యాబ్ పరీక్షించింది నేను ఏరి శుభ్రం చేసిన కట్టెను. యార్డుకు వచ్చే కట్టెను అది చూడనే లేదు.

36 శాతం దిగుబడి అనే సంబరం

మా బట్టీలు రిటార్ట్ రకం. మూతపెట్టిన ఇనుప పాత్రలో కట్టె ముక్కలు ఉంటాయి, కింద పొయ్యి. కట్టె వేడెక్కి వదిలే గ్యాస్‌ను గొట్టం ద్వారా మళ్లీ అదే పొయ్యిలోకి పంపి మండిస్తాం. మొదట్లో బయటి కట్టెతో పొయ్యి రాజేస్తాం, లోపల 300 డిగ్రీలకు అటూఇటూ చేరాక కట్టె తన గ్యాస్‌తో తనే కాలడం మొదలుపెడుతుంది. పొగ బయటికి పోయే పాతకాలం గుంట బట్టీలో ఎండు కట్టె బరువులో 10 నుంచి 20 శాతం బొగ్గు వస్తే గొప్ప. రిటార్ట్‌లో 30 దాటడం మామూలే.

మాకు 36 వచ్చింది. ఆ వారం మీటింగ్‌లో ఆ అంకె చెప్పి నేనే కాస్త పోజు కొట్టాను.

లారీ తిరిగొచ్చాక మా మఫిల్ ఫర్నేస్‌లో, అంటే శాంపిల్ కాల్చి చూసే చిన్న కరెంటు పొయ్యిలో, అదే బొగ్గు ఒక గ్రాము మూసలో పెట్టి పూర్తిగా కాల్చాం. శుభ్రమైన కట్టె బొగ్గు కాలిస్తే తెల్లగానో, లేత బూడిద రంగులోనో మెత్తటి పొడి మిగలాలి. మా మూసలో మిగిలింది ఎర్రగా, ఇటుక పొడిలా ఉంది. రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దితే గరగరమంది. ఇసుక! కట్టెలోంచి పుట్టిన బూడిద అలా గరగరలాడదు. అది మట్టి.

అప్పుడు అర్థమైంది 36 శాతం ఏమిటో. అందులో కొంత మట్టి, కొంత సరిగా ఉడకని కట్టె. బరువు పెరిగింది, కార్బన్ పెరగలేదు. దిగుబడిని బొగ్గు బరువులో కాకుండా స్థిర కార్బన్ బరువులో చూస్తే నూరు కిలోల ఎండు కట్టెకు మాకు వచ్చింది 21 కిలోలే. తర్వాత అన్నీ సరిచేశాక దిగుబడి 31 శాతానికి పడిపోయింది, స్థిర కార్బన్ మాత్రం 23 కిలోలకు చేరింది. తక్కువ బొగ్గు, ఎక్కువ కార్బన్. బట్టీ పనివాళ్లకు బొగ్గు బరువును బట్టి బోనస్ ఇచ్చే పద్ధతి ఆ రోజే ఆపించాను. బరువుకు డబ్బిస్తే బరువే వస్తుంది.

టార్పాలిన్ మీద ఇరవై కిలోలు

యార్డు కుప్పలో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి ఇరవై కిలోలు తీసి టార్పాలిన్ మీద పోశాం. నలుగురం కూర్చుని చేత్తో వేరుచేశాం: కాండం ఒకవైపు, వేరు మొదలు ఒకవైపు, ఆకు, కాయ డొప్పలు, దుమ్ము ఒకవైపు. ఒక పూట పట్టింది. ఆ మొత్తం ప్రాజెక్టులో అంత ఉపయోగపడిన పూట ఇంకోటి లేదు.

ఎండు బరువులో కాండం 74 శాతం, దాని బూడిద 2.7. ఇక్కడ ల్యాబ్ చెప్పింది నిజమే. వేరు మొదళ్లు 14 శాతం, అంటుకున్న మట్టితో కలిపి బూడిద 12. మిగిలిన ఆకు, డొప్ప, దుమ్ము 12 శాతమే, కానీ దాని బూడిద 26. మొత్తం కలిపితే కట్టె బూడిద 6.8 శాతం. అందులో సగానికి కాస్త తక్కువ ఆ ఆఖరి 12 శాతం నుంచే వచ్చింది. 6.8ని 36 శాతంతో భాగిస్తే సరిగ్గా 19. కొన్నవాళ్ల ల్యాబ్ ఎక్కడా పొరపాటు చేయలేదు.

రైతు పత్తి మొక్కను వేరుతో సహా పీకుతాడు, మోడు వదిలితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి. కోసి ఇవ్వమంటే ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. మేం అడిగింది వేరే: పీకిన కట్టెను వేళ్లు పైకి వచ్చేలా పదిహేను రోజులు గట్టున నిలబెట్టండి అని. తడి మట్టి వేరుకు పట్టుకుని ఉంటుంది, ఎండితే కొడితే రాలిపోతుంది. ఆకులు కూడా ఈలోగా సగం రాలతాయి. ఆ తర్వాత వేరు మొదలు దగ్గర నరికి, కాండం మాత్రమే ముక్కలు చేసే మిషన్‌లోకి పంపాలి. మిషన్ తర్వాత ఒక తిరుగుడు జల్లెడ పెట్టాం. మూడు మిల్లీమీటర్ల కన్నా చిన్నదంతా కింద పడిపోతుంది. మొదటి రోజు ఆ జల్లెడ కింద పడ్డ రజను చూసి యజమానులు గుండె పట్టుకున్నారు, కొన్న సరుకు పారబోస్తున్నట్టు అనిపించి. ఆ రజనునూ, వేరు మొదళ్లనూ పొయ్యి రాజేయడానికి వాడటం మొదలుపెట్టాక శాంతించారు. పొయ్యి బూడిద పొలాలకే వెళ్తోంది, అందులో పొటాష్ ఉంటుంది.

ఇదంతా చేశాక బట్టీలోకి వెళ్లే ముక్కల బూడిద 2.8 దగ్గర నిలిచింది.

గోడ దగ్గర థర్మోకపుల్

బూడిద సంగతి తేలింది. 23 శాతం వోలటైల్స్ మాత్రం మట్టి వల్ల రాలేదు, అది వేడి తక్కువై. మా మీటరు మాత్రం ప్రతి బ్యాచ్‌లో 480 డిగ్రీలు చూపించింది. దానికి తగిలించిన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పాత్ర గోడ దగ్గర ఉంది.

మాతో పనిచేసే బట్టీ మేస్త్రి జీవితమంతా కట్టెబొగ్గు కాల్చినవాడు. అందరం బాబాయ్ అంటాం. ఆయన తిరిగొచ్చిన సంచిలోంచి రెండు ముక్కలు తీసి సిమెంటు గచ్చు మీద పడేశాడు. ఒకటి కంగుమంది, గాజు ముక్క పడ్డట్టు. రెండోది దబ్బుమంది. దబ్బుమన్న దాన్ని విరిచి నా ముందు పెట్టాడు. బయట నల్లగా, మెరుస్తూ ఉంది. లోపల పెన్సిలంత మేర కాఫీ గింజ రంగు. "మీ మీటరు గోడకి జ్వరం చూస్తోంది సార్, కడుపులో చూడట్లేదు" అన్నాడు.

మధ్యలోకి రెండో థర్మోకపుల్ దింపాం. గోడ దగ్గర 480 ఉన్నప్పుడు మధ్యలో 370. నూటపది డిగ్రీల తేడా. కట్టెలోని హెమీసెల్యులోజ్ 220 నుంచి 315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 400 లోపు విడిపోతాయి. లిగ్నిన్ నిదానంగా, ఇంకా పైదాకా విడుస్తూనే ఉంటుంది. 370 దగ్గర ఆపేస్తే చూపుకు బొగ్గు తయారైనట్టే ఉంటుంది, వోలటైల్స్ మాత్రం లోపలే ఉండిపోతాయి.

పాత్ర మధ్యలో వేడి గ్యాస్ తిరిగేలా ఒక నిలువు గొట్టం పెట్టాం. మధ్యలో 450 చేరాక ఇంకో గంటన్నర ఉంచాలని నియమం పెట్టాం. పొగ రంగు కూడా రాయించడం మొదలుపెట్టాం: మొదట దట్టమైన తెల్లపొగ అంటే నీరు పోతోంది, పసుపు కలిసిన పొగ అంటే తారు, చివరికి పలచటి నీలం. మీటరు, బాబాయ్ కన్ను ఒకటే మాట చెప్పాలి, చెప్పకపోతే తలుపు తీయకూడదు. నాలుగో వారానికి రిపోర్టు ఇలా వచ్చింది: స్థిర కార్బన్ 74, వోలటైల్స్ 17, బూడిద 9.

వేడి పెంచాక కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది, తారు. గ్యాస్ గొట్టం పొడవుగా, బయట చల్లగా ఉండటంతో తారు అందులోనే గడ్డకట్టి రెండుసార్లు మూసుకుపోయింది. గొట్టం మూసుకుపోతే రిటార్ట్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, అది ప్రాణాల మీదికి వచ్చే విషయం. గొట్టం పొడవును సగానికి సగం కుదించి, చుట్టూ ఇన్సులేషన్ చుట్టి, తారు ఆవిరిగానే పొయ్యిలోకి చేరి మండిపోయేలా చేశాం. పైన ఒత్తిడికి తెరుచుకునే మూత కూడా పెట్టాం. నిజానికి అది మొదటి రోజే ఉండాల్సింది.

రాత్రి రెండింటికి ఫోను

తాజా బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, పీల్చుకునేటప్పుడు వేడెక్కుతుంది. పలచగా పరిస్తే ఆ వేడి పోతుంది. సంచుల్లో కుక్కి దొంతర పెడితే లోపలే పోగవుతుంది. ఇది నాకు పుస్తకాల్లో తెలుసు. ఒక లోడు తొందరలో ఉండి, చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్న బొగ్గును సంచుల్లోకి ఎత్తించాను. మూడో రాత్రి రెండింటికి వాచ్‌మన్ ఫోను: "సార్, మంట లేదు గానీ గోడౌన్‌లో వాసన వస్తోంది." వెళ్లేసరికి మధ్య దొంతరలో నాలుగు సంచులు లోపల ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్కటీ బయటికి లాగి తడిపాం. తలుపులన్నీ తెరిచి కాసేపు ఆగాకే లోపలికి వెళ్లనిచ్చాను, ఎందుకంటే ఇలా నిదానంగా రగిలే బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన ఉండదు.

ఆ తర్వాత చెయ్యి పెట్టి చూడటం బంద్. బొగ్గు మధ్యలో థర్మామీటర్ 40 డిగ్రీల లోపు చూపిస్తేనే సంచిలోకి. దానికి ముందు పలచగా పరిచి, గాలి తగలనిచ్చి, రెండు వారాలు షెడ్డులో ఉంచుతాం. ఓడల్లో పంపేవాళ్లకు బొగ్గు తనంతట తనే అంటుకునే సరుకు, ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే నంబర్లలో యూఎన్ 1361 కింద వస్తుంది. 2026 జనవరి నుంచి సముద్ర రవాణాలో దానికి ఇదివరకు దొరికిన మినహాయింపులు కూడా పోయాయి. మాది లారీ సరుకే, కానీ ఆ జాగ్రత్తలు మా షెడ్డుకు కూడా సరిగ్గా సరిపోతాయి.

మిగిలిన చిక్కులు

కొనేవాళ్లకు 10 నుంచి 40 మిల్లీమీటర్ల ముక్క కావాలి. పత్తి కట్టె బొగ్గు గట్టి కలప బొగ్గంత బిగువు కాదు. జల్లెడ పట్టి, సంచులెత్తి, లారీ కుదుపులు అయ్యాక 28 శాతం రజనుగా మారుతోంది. అందులో కొంత సిమెంటు కొలిమికి వెళ్తోంది. అక్కడ బూడిద క్లింకర్‌లో (సిమెంటుగా నూరే గడ్డల్లో) కలిసిపోతుంది కాబట్టి వాళ్లు దాని గురించి పట్టించుకోరు, క్లోరిన్ మాత్రం అడుగుతారు. మిగతాది ఉడికించిన గంజి పిండి కలిపి బ్రికెట్లుగా ఒత్తి బాయిలర్లకు ఇస్తున్నాం. ఫర్నేస్ వాళ్లకు బ్రికెట్లు ఇచ్చి చూశాం. వేడికి బంధం విడిపోయి పైనే పొడి అవుతున్నాయని వద్దన్నారు.

ఫాస్ఫరస్ దగ్గర ఓడిపోయామనే చెప్పాలి. ఏటా పెరిగి ఏటా కోసే మొక్కలో అది చెట్టు కలప కంటే ఎక్కువ, మా వేడి దగ్గర ఎక్కడికీ పోదు, బొగ్గులోనే ఉండిపోతుంది. అందుకే కొనేవాళ్లు మా బొగ్గును కలప బొగ్గుతో కలిపి నాలుగో వంతుకు మించకుండా వాడుతున్నారు. పూర్తిగా మా బొగ్గుతోనే ఫర్నేస్ నడిపిస్తామని ప్రాజెక్టు రిపోర్టులో రాసిన వాక్యం నాదే, దాన్ని నేనే కొట్టేశాను.

రవాణా లెక్క మొదట్లో తలకిందులుగా వేశాం. విడి కట్టె లారీ నిండినా బరువు తూగదు. పది టన్నుల లారీలో మూడు టన్నులు పడితే ఎక్కువ, దాంట్లోంచి వచ్చేది టన్ను లోపు బొగ్గు. ఇప్పుడు పొలాల దగ్గరే నరికి, జల్లించి, ముక్కలుగా తెస్తున్నాం. మట్టి, ఆకు కూడా అక్కడే ఉండిపోతున్నాయి. కట్టె దొరికేది ఏడాదిలో రెండు నెలల లోపే కాబట్టి నిల్వ తప్పదు. కుప్పల మధ్య మంటలు దాటకుండా ఖాళీ దారులు, పురుగు బయటికి రాకముందే ముక్కలు చేసేయడం, రెండూ తప్పవు. కొనుగోలు పచ్చి బరువు మీద కాదు, 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చూసిన ఎండు బరువు మీద. దీని మీద రైతులతో మొదటి నెల గొడవలే గొడవలు. వాళ్ల ముందే ఓవెన్‌లో పెట్టి తూకం చూపించడం మొదలుపెట్టాక తగ్గాయి.

ఆ తూకం దగ్గరే పోయిన సీజన్‌లో ఒక వింత జరిగింది. ఒక కుప్ప అకాల వానకు తడిసి ముద్దయింది. తేమ ఎక్కువని తిప్పి పంపేశాం. నెల తర్వాత అదే రైతు బాగా ఎండాక మళ్లీ తెచ్చాడు. గేటు దగ్గర అలవాటు ప్రకారం మూసలో పెట్టి కాలిస్తే బూడిద 2.3 శాతం, మా మంచి సరుకు కంటే తక్కువ. వాన నీళ్లు పొటాషియంనూ క్లోరిన్‌నూ కడిగేశాయి, గడ్డి విషయంలో ఇలా జరుగుతుందని ఎప్పట్నుంచో తెలిసిందే. ఈ సీజన్‌లో రెండు కుప్పలు కావాలనే వానకు వదిలేశాం. ఒకటి ఎండుతోంది. రెండోదానికి అడుగున బూజు పట్టింది.